నిమిషానికి నలభై చుక్కలు

శాసనసభ భవనం గుమ్మటం కారుతుందని ఆ రాష్ట్రంలో తెలియనివాళ్ళు లేరు. ఎందుకు కారుతుందో తెలిసినవాళ్ళూ లేరు. కట్టిన రోజు నుంచీ కారుతూనే ఉంది.

కట్టించింది వీరగట్ల సంస్థానం రాజావారు, తమ దర్బారు కోసం. ఆయనకు విదేశాల నుంచి భవనాల బొమ్మల పుస్తకాలు తెప్పించుకునే అలవాటు ఉండేది. ఏ నెలలో ఏ పుస్తకం వస్తే ఆ పుస్తకంలోది ఒకటి తమ భవనానికి కావాలనేవారు. అందుకని కింద గ్రీకు స్తంభాలు లేచాయి, వాటి మీద మొగలాయి కమాన్లు, కమాన్ల మీద రాజపుత్రుల ఛత్రీలు, అన్నింటి మీదా ఉల్లిగడ్డలాంటి గుమ్మటం. గుమ్మటం సగంలో ఉండగా ఇంకో పుస్తకం వచ్చింది. దాని అట్ట చూడగానే ప్లాన్ గీసిన దొరగారు ఎవరికీ చెప్పకుండా ఓడెక్కి వెళ్ళిపోయారు. మిగతా సగం ఊళ్ళో మేస్త్రీలు తమకు తోచినట్టు ముగించారు.

ప్రారంభోత్సవం నాడే వాన పడింది. మొదటి చుక్క రాజావారి తలపాగా మీద పడితే, అది సాక్షాత్తూ వరుణదేవుడి అభిషేకమని ఆస్థాన పండితుడు అప్పటికప్పుడు శ్లోకం చెప్పి శాలువా కప్పించుకున్నాడు. రెండో చుక్క పండితుడి శాలువా మీద పడింది. అప్పుడు ఇత్తడి గంగాళం తెప్పించారు.

తర్వాత రాజులు పోయారు, శాసనసభ వచ్చింది, గంగాళం మాత్రం పోలేదు. ప్రతి కొత్త ప్రభుత్వమూ వస్తూనే గుమ్మటానికి మరమ్మతు చేయించేది. మరమ్మతు అయ్యాక చుక్క ప్రతిపక్షం బెంచీల మీద పడేది. అయిదేళ్ళకు వాళ్ళు గెలిచి మళ్ళీ మరమ్మతు చేయించేవాళ్ళు. ఇలా అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరకు అఖిలపక్ష సమావేశం పెట్టుకుని, చుక్కను ఎవరికీ చెందని స్వతంత్ర సభ్యుడి సీటు మీదికి మళ్ళించారు. డెబ్బై ఒకటో నంబరు సీటు. ఆ సభ్యుడు సభకు గొడుగుతో వస్తాడు, గొడుగు మీంచి జారే నీళ్ళకు పక్కనే గంగాళం పెట్టారు. సభా చరిత్రలో అన్ని పార్టీలూ కలిసి సాధించిన పని ఇదొక్కటే.

గంగాళం నిండినప్పుడల్లా ఎత్తి బయట పారబోసి, చుట్టూ తడి తుడిచే మనిషి పేరు ఉప్పరి బుగ్గయ్య. పంతొమ్మిదేళ్ళుగా ఆ పనే చేస్తున్నాడు. పంతొమ్మిదేళ్ళుగా టెంపరరీ. కాగితాల్లో అతను దినసరి మనిషి, అంటే ఏ రోజుకారోజు కొత్తగా పుట్టినట్టు లెక్క. రోజూ పొద్దున మూడో నంబరు గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు అతన్ని ఎన్నడూ చూడనట్టు చూసి చిట్టీ రాయమంటారు. పేరు, తండ్రి పేరు, ఎవరిని కలవాలి, ఏం పని. ‘ఎవరిని కలవాలి’ అన్నచోట బుగ్గయ్య పంతొమ్మిదేళ్ళుగా ‘గంగాళం’ అనే రాస్తున్నాడు. ఇంతవరకూ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

బుగ్గయ్యకు జీవితంలో ఒక్కటే కోరిక. పర్మనెంటు కావాలి. మెడలో నీలం తాడుతో, ఫొటో ఉన్న కార్డు వేలాడాలి. గేటు దగ్గర ఆగకుండా లోపలికి నడవాలి. ఆ కార్డు తగిలించడానికి అతని భార్య యాదమ్మ ఇంట్లో గోడకు మేకు కూడా కొట్టి పెట్టింది. ప్రస్తుతానికి దానికి కూరగాయల సంచీ వేలాడుతోంది.

అతని పర్మనెంటు ఫైలును ఆరేళ్ళుగా బల్ల నుంచి బల్లకు తోస్తున్నది సెక్షన్ సూపరింటెండెంటు జుబేదా మేడమ్. మనసున్న మనిషి. ఆ ఏడు వేసవికి ముందు ఆమె బుగ్గయ్యను పిలిచి మెల్లగా చెప్పింది.

“ఒక్క సంతకం మిగిలింది బుగ్గయ్యా. అందాక నీ మీద ఏ రిమార్కూ పడొద్దు. ఉన్నవా అంటే ఉన్నవ్, లేవా అంటే లేవ్, గట్లుండు.”

“నేనెప్పుడన్న కనబడ్డనా మేడమ్?” అన్నాడు బుగ్గయ్య.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. అంతకుముందు వానాకాలంలో రాష్ట్రానికి ఉన్నట్టుండి వారసత్వం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పక్క రాష్ట్రంలో ఎవరో అయిదొందల ఏళ్ళ మెట్లబావికి బాత్రూం టైల్స్ అతికించారని పేపర్లో పడింది. అలాంటి ఘోరం మన గడ్డ మీద జరగకూడదని అందరూ ఆవేశపడి, వారసత్వ కట్టడాల యథాతథ పరిరక్షణ చట్టం తెచ్చారు. చట్టం సారాంశం ఒక్క వాక్యం. ప్రకటన తేదీ నాడు ఏది ఎలా ఉన్నదో అది అలాగే ఉండవలెను. దాన్ని తొలగించినా, కదిపినా, మార్చినా, బాగుచేసినా ఏడేళ్ళ జైలు. ‘బాగుచేసినా’ అన్న మాట ఎవరు చేర్చారో తెలియదు గానీ, ఆ చట్టం మొత్తంలో తు.చ. తప్పకుండా అమలైంది అదొక్కటే.

చట్టం కింద మొట్టమొదట రక్షించాల్సింది శాసనసభ భవనాన్నే అన్నారు. జాబితా తయారుచేయడానికి ఒక బృందం వచ్చింది. వాళ్ళు వచ్చిన మూడు రోజులూ కుంభవృష్టి. ఏదైనా వదిలేస్తే రేపు ఆడిట్‌వాళ్ళు పట్టుకుంటారని బృందం పెద్దకు భయం. “కంటికి కనిపించింది ఏదీ వదలొద్దు. ఇది ముఖ్యం, అది కాదు అని తేల్చే అధికారం మనకు లేదు” అని కింది వాళ్ళకు ఆజ్ఞ వేశాడు. వాళ్ళు వదల్లేదు. మొత్తం నాలుగువందల పన్నెండు అంశాలు రాసుకుపోయారు.

అందువల్ల స్తంభాలు, కమాన్లతో పాటు ఉత్తరం వైపు సగం తెరుచుకుని బిగుసుకుపోయిన తలుపు కూడా రక్షిత అంశమైంది. మంత్రులు దాని గుండా పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి లోపలికి వస్తారు. పది గంటల ఇరవై నిమిషాల దగ్గర ఆగిన గడియారం రక్షిత అంశమైంది. మెట్ల మూలన పాన్ మరకలు రక్షిత అంశమయ్యాయి. కొత్తగా ఉమ్మితే జరిమానా, పాతవి వెలిసిపోతే మాత్రం ప్రభుత్వమే రంగు వేయించాలి. దానికి లలితకళల కళాశాల నుంచి ఒక చిత్రకారుణ్ణి డెప్యుటేషన్ మీద తెచ్చారు.

జాబితాలో నూట పద్దెనిమిదో అంశం ఇలా ఉంది. ‘గుమ్మటము మధ్యభాగము నుండి జలబిందుస్రావము, నిమిషమునకు నలుబది చుక్కలు. స్థితి: చక్కగా పనిచేయుచున్నది.’

ఈ జాబితా అధికారులందరికీ అందింది. బుగ్గయ్యకు అందలేదు. టెంపరరీ వాళ్ళకు సర్క్యులర్లు ఇవ్వరాదని ఇంకో సర్క్యులరు ఉంది.

మే నెలలో గుమ్మటం కలశానికి ఒక గాలిపటం చిక్కుకుంది. అది జాబితాలో లేదు కాబట్టి అక్కడ ఉండటానికి వీల్లేదు. భవనం మరమ్మతుల ఇంజనీరు రంగనాయకులుగారు బుగ్గయ్యను పైకి ఎక్కించారు. రంగనాయకులుగారు స్వతహాగా చెడ్డవారు కారు. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు ఎడమ కన్ను అదరడం తప్ప ఆయనలో పెద్ద లోపం లేదు.

పైకి వెళ్ళిన బుగ్గయ్య గాలిపటం తీసి, కలశం అడుగున చెక్కిన రాతిపద్మం వైపు చూశాడు. రెండు రేకుల మధ్య నెర్రె. చూపుడువేలు సగం దూరింది. ఆ నెర్రెకు ఒక అడుగు కిందుగా డెబ్బై ఏళ్ళుగా వేసిన తారు, సిమెంటు, ప్లాస్టిక్ షీట్లు ఒకదాని మీద ఒకటి అట్టలు కట్టి ఉన్నాయి. ఎస్టిమేట్లు వేసిన ఇంజనీర్లంతా కింద కుర్చీలో కూర్చుని దుర్భిణీతో చూసి వేసినవాళ్ళే. పైకెక్కి చూసినవాడు ఒక్కడూ లేడు.

బుగ్గయ్య చేతులు దురద పెట్టాయి. వాళ్ళది తరతరాలుగా గోడలు, బావులు, కోటబురుజులు కట్టిన వంశం. సున్నం ఎట్లా నానబెట్టాలో, రోట్లో ఎంతసేపు రుబ్బాలో, కరక్కాయ నీళ్ళు ఎంత, బెల్లం ఎంత అన్నది అతనికి పదేళ్ళ వయసుకే తాత నేర్పాడు. నేర్చుకున్నది వాడే అవకాశం మాత్రం పంతొమ్మిదేళ్ళలో ఒక్కనాడూ రాలేదు. గంగాళం ఎత్తిపోయడానికి కరక్కాయ అక్కర్లేదు. అడిగితే వద్దంటారని ఎవరినీ అడగలేదు. గాలిపటం చిక్కు తియ్యాలంటే వారం పడుతుందని చెప్పి, రోజూ టిఫిన్ డబ్బాలో సున్నం పట్టుకెళ్ళి, నెర్రె మూసి, తాపీతో నున్నగా మెరుగుపెట్టి దిగాడు.

జూన్‌లో తొలివాన దంచికొట్టింది. బుగ్గయ్య గంగాళం పక్కన నిలబడి తలెత్తి చూశాడు. అరగంట చూశాడు. గంట చూశాడు. ఒక్క చుక్క పడలేదు. అంత పెద్ద రాజావారు, ఓడెక్కిపోయిన దొర, ఇంతమంది ఇంజనీర్లు చెయ్యలేనిది తన చేత్తో అయింది. సంతోషంతో అతనికి కాళ్ళు నిలవలేదు. జుబేదా మేడమ్ చెప్పిన మాట మరిచిపోయి నేరుగా రంగనాయకులుగారి గదికి పరుగెత్తాడు.

“సారూ, ఉరుసుడు బందైంది!”

“ఏ ఉరుసుడు?”

“గుమ్మటం ఉరుసుడు సారూ. నేనే బంద్ జేసిన. డంగు సున్నం బెట్టి.”

రంగనాయకులుగారి ఎడమ కన్ను అదిరింది. తర్వాత కుడి కన్ను కూడా అదిరింది. ఆయన లేచి తలుపు గడియ వేసి వచ్చి, గొంతు తగ్గించి అడిగారు.

“ఎవరైనా చూశారా?”

“ఏం జూసుడు సారూ?”

“నువ్వు బాగుచేయడం.”

వారసత్వ పరిరక్షణ సంచాలకులు పరాంకుశంగారు ప్రతి నెలా మూడో గురువారం జాబితా చేతపట్టుకుని తనిఖీకి వస్తారు. వెండి పిడి ఉన్న చేతికర్ర, బంగారు ఫ్రేము కళ్ళజోడు, గొలుసుకు స్టాప్‌వాచీ. మాట్లాడితే ప్రభుత్వ ఉత్తర్వు చదివినట్టు ఉంటుంది. ఆ గురువారం కూడా వాన పడుతోంది. ఆయన నూట పదిహేడు అంశాలు సరిచూసుకుని గుమ్మటం కిందికి వచ్చి స్టాప్‌వాచీ నొక్కారు. నిమిషం గడిచింది. మళ్ళీ నొక్కారు. మూడోసారి నొక్కి, గంగాళంలోకి వంగి చూసి, తన ముఖమే కనిపించేసరికి నిటారుగా నిలబడ్డారు.

“ఇంజనీరుగారూ, నూట పద్దెనిమిదో అంశము స్వస్థానమున కానరాకుండుటకు కారణమేమి?”

“అది... ఈ మధ్య కొంచెం తగ్గిందండీ.”

“ఎంతమేర?”

“మొత్తం.”

చట్టం ప్రకారం రక్షిత అంశం కనిపించకపోతే ఇరవైనాలుగు గంటల్లో పోలీసు ఫిర్యాదు చెయ్యాలి. చేశారు. ఎస్సై కోదండం ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చి, సభ మధ్యలో బల్ల వేయించుకుని, ఫారం తీశాడు.

“పోయిన సొత్తు?”

“చుక్కలు” అన్నారు రంగనాయకులుగారు.

“బరువు? గుర్తులు ఏమైనా?”

“గుండ్రంగా ఉంటాయండీ. కింద పడ్డాక ఉండవు.”

ఎస్సై కలం పక్కన పెట్టి, రంగనాయకులుగారు వేలుపెట్టి చూపిన బుగ్గయ్య వైపు తిరిగాడు. “ఏమయ్యా, నువ్వేనా చేసింది? ఎక్కడ దాచినవ్?”

“దాచలే సారూ. సందు మూసిన, అంతే.”

“అంటే లోపల్నే ఉన్నదా?”

బుగ్గయ్య ఆలోచించాడు. “ఉంటది సారూ. బయటికొచ్చే తొవ్వ లేదు గంతే.”

ఎస్సై ముఖం విప్పారింది. చట్టం తెలిసిన మనిషి. “అయితే ఇది దొంగతనం కాదు సార్. సొత్తు భవనం దాటి పోలేదు. ఇది అక్రమ నిర్బంధం” అని సెక్షను మార్చి రాసుకుని, నిందితుడు ఊరు విడిచి వెళ్ళరాదని చెప్పి వెళ్ళిపోయాడు.

పర్మనెంటు ఫైలు ఆ సాయంత్రమే జుబేదా మేడమ్ బల్ల మీదికి తిరిగి వచ్చింది. పైన ఎర్ర సిరాతో ఒక రిమార్కు. ‘అనుమతి లేకుండా బాగుచేసినాడు.’

అటు పరాంకుశంగారి అధ్యక్షతన బిందుస్రావ పునరుద్ధరణ ఉన్నతస్థాయి సంఘం వెలిసింది. ఆగస్టులో విదేశీ నిపుణుల బృందం ఇదే జాబితాతో వస్తోంది. నాలుగువందల పన్నెండూ సరిపోతే భవనానికి అంతర్జాతీయ గుర్తింపు ఇస్తారు. నాలుగువందల పదకొండు ఉంటే ఇవ్వరు.

మొదట పైన ట్యాంకు పెట్టి, సన్నపైపు వేసి, కుళాయితో చుక్కలు వదలాలని రంగనాయకులుగారు ప్రతిపాదించారు. టెండర్లు పిలిచారు. మొదటి కాంట్రాక్టరు చుక్క నిమిషానికి రెండువందలు పడి డెబ్బై ఒకటో సీటు కుషన్ ఉబ్బిపోయింది. రెండో కాంట్రాక్టరు చుక్క రోజుకు మూడు పడి, నాలుగో రోజు నుంచి మున్సిపాలిటీ నీళ్ళ కోసం ఎదురుచూసింది. సంఘంలో ఉన్న పురాతత్వ నిపుణుడు అసలు ఈ పద్ధతినే ఒప్పుకోలేదు. “పంపిన చుక్క వేరు, పడిన చుక్క వేరు. మనం పరిరక్షించవలసినది నీటిని కాదు, నీరు స్వేచ్ఛగా రాగల ఆ అవకాశాన్ని” అన్నాడు. సంఘం బల్లలు చరిచింది.

ఆ అవకాశం ఎక్కడ ఉందో తెలిసినవాడు భూమ్మీద ఒక్కడే. బుగ్గయ్యను పిలిచారు. అంత మెత్తటి కార్పెట్ మీద అతను నిలబడడం అదే మొదటిసారి.

“నాయనా” అన్నారు పరాంకుశంగారు, “నీ స్వహస్తములతో మూసిన దానిని స్వహస్తములతో తెరువుము. ఎర్ర సిరా రిమార్కు కొట్టివేయబడును. నీ క్రమబద్ధీకరణ దస్త్రము మీద నేనే స్వయముగా సిఫారసు చేయుదును.”

బుగ్గయ్య ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. యాదమ్మ సంగతంతా విని చేతులు నడుముకు పెట్టుకుంది.

“నీళ్ళు పడకుంట జేస్తె పోలీసులొచ్చిండ్రా? పడేటట్టు జేస్తె కార్డిస్తరా?”

“ఆఁ.”

“అంత చదువుకున్నోళ్ళు గిదేం పని?”

“ఏమో. నాకు సమజ్ కాలే.” ముద్ద పళ్ళెంలోనే వదిలేసి అన్నాడు, “మా తాత కట్టిన గోడ ఒక్కటి గూడ కూలలే యాదీ. నేను కట్టింది గదొక్కటే. అదీ జానెడు.”

యాదమ్మ గోడ మీది మేకు వైపు చూసింది. ఆమెకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. “పంతొమ్మిదేండ్లాయె. పో, పగులగొట్టు. నేనెవ్వరికీ చెప్పను” అంది.

మర్నాడు ఉదయం పదకొండు గంటలకు కార్యక్రమం. జాబితా రాసిన నాటి వాన తీరును లెక్కగట్టి, అంతే వేగంతో నీళ్ళు చల్లడానికి అగ్నిమాపక శకటం తెప్పించారు. పైన బుగ్గయ్య, చేతిలో ఉలి, సుత్తి, నడుముకు వాకీటాకీ. కింద స్టాప్‌వాచీతో పరాంకుశంగారు.

మొదటి దెబ్బకు ఏమీ కాలేదు. రెండో దెబ్బకు ఉలి జారింది. అతని చేత్తో రుబ్బిన సున్నం రాయిలా బిగిసింది. అంత బాగా వచ్చిందని అతనికి అప్పుడే తెలిసింది. గర్వపడాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు. గొట్టం నీళ్ళు ముఖం మీద పడుతుండడం వల్ల ఎవరికీ ఏమీ తెలియలేదు. ఏడో దెబ్బకు పెచ్చు ఊడింది.

“పద్దెనిమిది!” అంది వాకీటాకీ. “ఇంకను తెరువుము!”

కొట్టాడు.

“ఇరువది తొమ్మిది! నిదానముగా!”

కొట్టాడు.

“నలుబది మూడు! అతిక్రమించితివి, కొంచెము పూడ్చుము!”

జేబులో పొట్లం కట్టి తెచ్చుకున్న తడి సున్నం వేలితో అద్దాడు. కింద మళ్ళీ లెక్కపెట్టారు. తర్వాత చప్పట్లు మారుమోగాయి. నలభై. రంగనాయకులుగారు ఆనందబాష్పాలు తుడుచుకున్నారు. దిగివచ్చిన బుగ్గయ్య మెడలో పూలదండ వేసి, ఫొటో తీసి, దండ తిరిగి తీసుకున్నారు.

ఆగస్టులో విదేశీ నిపుణులు వచ్చి, పక్కకు తిరిగి తలుపు దాటి, పాన్ మరకల ముందు ఫొటోలు దిగి, వానలో నలభై చుక్కలూ లెక్కపెట్టుకుని, ముగ్ధులై గుర్తింపు పత్రం ఇచ్చి వెళ్ళారు.

మర్నాడు బుగ్గయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, కార్డుకు ఇవ్వడానికి రెండు ఫొటోలు జేబులో పెట్టుకుని జుబేదా మేడమ్ దగ్గరికి వెళ్ళాడు. ఆమె అతన్ని కూర్చోమంది. ఆ ఆఫీసులో అతన్ని ఎవరైనా కూర్చోమన్నారంటే మంచి వార్త కాదు.

“రిమార్కు కొట్టేసిండ్రు బుగ్గయ్యా. సంతకం కూడ అయిపోయేది. కాని న్యాయశాఖ వాళ్ళు అడ్డం కొట్టిండ్రు.” ఆమె ఫైల్లోంచి జాబితా తీసి చదివింది. “నూట పంతొమ్మిదో అంశం. ‘గంగాళము. ప్రక్కన ఒక మనిషి. సన్నము. ఖాకీ చొక్కా. చేతిలో గుడ్డ. స్థితి: తాత్కాలికము.’”

బుగ్గయ్యకు వెంటనే అర్థం కాలేదు. “ఎవరు మేడమ్ ఆయన?”

“నువ్వే.”

వానలో వచ్చిన ఆ బృందం కంటికి కనిపించింది ఏదీ వదల్లేదు. ఆ మూడు రోజులూ వాళ్ళకు అడ్డం రాకుండా గంగాళం ఎత్తిపోస్తూ నిలబడ్డ మనిషినీ వదల్లేదు. ప్రకటన తేదీ నాడు ఏది ఎలా ఉన్నదో అది అలాగే ఉండాలి. బుగ్గయ్య ఆ తేదీన టెంపరరీ. టెంపరరీని పర్మనెంటు చేస్తే అది మార్పు. మార్పుకు ఏడేళ్ళు.

సరిగ్గా అప్పుడే పరాంకుశంగారు గదిలోకి వచ్చారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

“నాయనా, నీవిక సామాన్యుడవు కావు. అంతర్జాతీయ గుర్తింపు పొందిన వారసత్వ అంశమవు!”

“మరి కార్డు సారూ?”

“మెడలో ఏదియు కొత్తగా చేరరాదు.”

బుగ్గయ్యకు గుండె మండింది. పంతొమ్మిదేళ్ళు కనపడకుండా బతికితే, కనపడ్డ ఆ మూడు రోజుల్లోనే ఇలా రాసి పెట్టారు. బల్ల తిరగెయ్యాలనిపించింది. కానీ అతను నిదానస్థుడు. గోడ కట్టేవాళ్ళు ఒక రాయి పెట్టి, అది కుదిరిందో లేదో తట్టి చూసి, అప్పుడు రెండోది పెడతారు.

“సారూ, మరి నన్ను తీసెయ్యరా?”

“తొలగించుటకు ఎవరి తరము?”

“ఇంకో జాగకు పంపిస్తరా?”

“కదుపరాదు. ప్రకటన నాడు సాయంత్రము ఇంటికి పోయితివి గనుక రోజూ ఇంటికి పోవుట మాత్రము యథాతథ స్థితిలో భాగమని తేల్చితిమి.”

“తప్పు జేస్తె సస్పెండ్?”

“సస్పెండ్ అనునది మార్పు.”

“నన్ను బాగుచేస్తరా సారూ?”

“అది చట్టరీత్యా నిషేధము” అన్నారు పరాంకుశంగారు సగర్వంగా.

బుగ్గయ్య రెండు చేతులూ జోడించి దండం పెట్టి బయటికి వచ్చాడు. దారిలో సున్నం, కరక్కాయలు, బెల్లం తీసుకుని ఇంటికి వెళ్ళాడు.

మూడో రోజు సభ నడుస్తోంది. మధ్యాహ్నం పన్నెండు గంటలు. బుగ్గయ్య సున్నం నింపిన గమేళా నెత్తిన పెట్టుకుని, తాపీ చేతపట్టుకుని, అందరూ చూస్తుండగా గుమ్మటం ఎక్కాడు. ఈసారి టిఫిన్ డబ్బా లేదు. కిందనుంచి రంగనాయకులుగారు గొంతు పోయేలా అరిచారు.

“దిగు బుగ్గయ్యా! సస్పెండ్ చేస్తా!”

“నన్నా సారూ?” పైనుంచి వినిపించింది. “జాబితా సూడుండ్రి!”

ఎస్సై కోదండం పరుగున వచ్చి, పైకెక్కి, బేడీలు తీసి బుగ్గయ్య చెయ్యి పట్టుకోబోయాడు. వెనకాలే రొప్పుతూ ఎక్కిన పరాంకుశంగారు ఎస్సై నడుము పట్టుకుని వెనక్కి లాగారు.

“ముట్టుకొనకుడు! అంశమును భవనము దాటించినచో మీకు ఏడేండ్లు!”

“మరి ఆయన చుక్కలు మూసేస్తున్నాడు గద సార్?”

“ఒక రక్షిత అంశము మరియొక రక్షిత అంశమును బాగుచేసినచో ఏమి చేయవలెనో చట్టములో లేదు” అన్నారు పరాంకుశంగారు. ఆ మాట అంటూ ఆయన గుమ్మటం మీదే కూలబడ్డారు. ఆయన వృత్తి జీవితంలో చట్టంలో లేనిది ఎదురవడం అదే మొదలు.

వాళ్ళిద్దరూ చూస్తుండగానే బుగ్గయ్య నెర్రె కడిగి, సున్నం కూరి, తాపీతో అద్దంలా మెరుగుపెట్టాడు. తొందరపడలేదు. విషయాన్ని న్యాయశాఖ అభిప్రాయం కోసం పంపారు. న్యాయశాఖ దాన్ని ఇంకెవరి అభిప్రాయం కోసమో పంపింది.

కొత్త పూతను ఇరవై ఒక్క రోజులు తడపాలి, లేకపోతే మళ్ళీ నెర్రెలిస్తుంది. మొదటిసారి ఆ పని బుగ్గయ్య దొంగచాటుగా చేశాడు. ఈసారి బిందె భుజాన పెట్టుకుని సభ మధ్యలోంచి నడిచి వెళ్ళాడు. తగిలితే ఏమవుతుందోనని మంత్రులు పక్కకు తప్పుకుని దారిచ్చారు. గేటు దగ్గర చిట్టీ రాయడం మాత్రం తప్పలేదు. అది ఇక ఎప్పటికీ తప్పదు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా కడుపులో కాలుతూనే ఉంది, ఆ పైన గుమ్మటం వైపు చూస్తే కొంచెం చల్లబడుతోంది.

ఇరవై రెండో రోజు వాన కుండపోతగా కురిసింది. జాబితాలో చేతిలో గుడ్డ అని రాసి ఉంది కాబట్టి బుగ్గయ్య గుడ్డ పట్టుకునే గంగాళం పక్కన నిలబడ్డాడు. సాయంత్రం దాకా నిలబడ్డాడు. గుడ్డ పొడిగానే ఉంది.